బురుజులో మరియమ్మ

ఒట్టు ముందే వేస్తున్నాను. తింటున్న ఈ అన్నం మీద ఒట్టు. మధ్యలో "నిజమేనా" అని అడిగితే లేచి వెళ్లిపోతాను. పక్కింటి షబానాకు కూడా ఇదే మాట చెప్పి మొదలుపెట్టాను. ఆమెకు నోరు ఊరుకోదు.

"చెప్పు మే, ఊరికే ఊరించొద్దు," అంది.

కువైట్‌లో ఒక ఇంట్లో పాపను చూసుకునే పని నాది. రాయచోటిలో ఏ వీధిలో అడిగినా అట్లాంటి పనికి పోయినవాళ్లు ఉంటారు. పాప పేరు మరియం. నేను మరియమ్మను చేసేశాను. పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి నా చేతుల్లోనే పెరిగింది. అప్పటికి నాలుగేళ్లు. ఇంట్లోవాళ్లతో అరబ్బీ, నాతో తెలుగు. అదీ మన తెలుగు. "అక్కా, యాడికి పోతాండావు? నీళ్లు కావల్ల" అని వెంటపడితే వాళ్ల అమ్మకు, అంటే మా మేడంకు, ఒళ్లు మండేది. నాకు మాత్రం కడుపు నిండిపోయేది. చెప్పొద్దూ, ఆ ఇంట్లో నా భాషలో మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

ఎండాకాలం సెలవులకు వాళ్లు జార్జియా అనే దేశానికి పోతూ నన్నూ తీసుకుపోయారు.

"నీకేం, మారాణివి. మేము మదనపల్లె కూడా దాటల్యా," అంది షబానా.

మారాణినే. రెండు బ్యాగులు, ఒక ఫ్లాస్కు, ఒక పిల్లను మోసిన మారాణిని.

అక్కడ కొండలు నున్నగా పచ్చగా ఉన్నాయి. తల మీద మంచు. దారి పక్కన ఒక గొట్టం నుంచి నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి, కట్టేసేవాళ్లు లేరు. బిందె పట్టుకుని ట్యాంకరు వెనక పరిగెత్తినదాన్ని కదా, నాకు ప్రాణం ఉసూరుమంది. పొద్దుటి నుంచి నడిచాం. ఒక పల్లెకు చేరాం. ఇంటింటికీ ఒక రాతి బురుజు. మన పాత పల్లెల్లో ఉంటాయే, అట్లాంటివే, కాకపోతే సన్నగా, ఎత్తుగా.

అక్కడి చర్చి దగ్గర మరియమ్మ నిద్రపోయింది. భుజాన వేసుకుంటూ చెవిలో అన్నాను. "మరియమ్మా, రా, పోదాం." మా అవ్వ నేర్పిన అలవాటు అది. నిద్రపోయిన బిడ్డను పరాయి చోటు నుంచి ఎత్తుకొచ్చేటప్పుడు పేరు పెట్టి పిలవాలంట. పిలవకపోతే ఒళ్లు మాత్రమే వస్తుంది, బిడ్డ అక్కడే ఉండిపోతుందంట. నేను ఏ రోజూ మానలేదు. మేడం నవ్వేది.

మధ్యాహ్నం అందరూ మంచు చూడటానికి పైకి బయలుదేరారు. పాప నడవలేదు. "నువ్వు దీన్ని పెట్టుకుని ఇక్కడే ఉండు. రెండు గంటల్లో వస్తాం," అంది మేడం. పోతూ పోతూ ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. ఇంకో రెండు నెలల్లో నా గడువు తీరి ఇంటికి రావాలి. పిల్లకు చిన్న గీత పడినా నా ప్రయాణం గోవిందా. అదొక్కటే కాదు... అది నా పిల్ల. కనలేదు, అంతే.

ఉన్నట్టుండి వడగళ్లు. పాపను ఎత్తుకుని దగ్గరున్న బురుజులోకి దూరి తలుపు లాగాను. లోపల ఎండుగడ్డి. ఒక మూల నిచ్చెన. అది పైకప్పులో ఉన్న చదరపు కంతలోకి పోతుంది. పైన చీకటి.

కాసేపటికి బయట... కర్ర గీసుకున్న చప్పుడు. గర్రుమని. ఎవరో బయట అడ్డగడియ వేశారు. మేము లోపల ఉన్న సంగతి వాళ్లకు తెలియదు. తెలుగులో అరిచాను, అరబ్బీలో అరిచాను. అరచేతులు వాచేదాకా తలుపు బాదాను. వడగళ్ల మోతలో ఎవరికి వినపడుతుంది? ఫోను తీస్తే సిగ్నల్ లేదు.

నేను తలుపుతో కుస్తీ పడుతుంటే వెనక మరియమ్మ కబుర్లు చెబుతోంది. "అక్కా, పైన పిల్లి ఉండాది. చూస్తా." తిరిగి చూస్తే కంతలో దాని పాదాలు మాత్రమే కనిపించాయి. అవీ మాయమయ్యాయి.

"దిగు. నా తల్లే, దిగు," అన్నాను.

పైన మాటలు ఆగిపోయాయి. టక్కున. నేను నిచ్చెన మీద కాలు పెట్టేలోపు తనే దిగి వచ్చింది. వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ మెల్లగా. ఏమీ మాట్లాడలేదు. వచ్చి నా ఒళ్లో కూర్చుంది. చేతులు చల్లగా ఉన్నాయి. దిగమన్నానని అలిగిందేమో అనుకున్నాను.

చీకటి పడింది. వడగళ్లు ఆగాయి. ఎక్కడో నీటి బొట్టు... టప్... మళ్లీ చాలాసేపటికి... టప్. పాప ఒళ్లో నిద్రపోయింది. నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.

"అక్కా..."

"ఈడే ఉండా తల్లీ, పడుకో," అన్నాను. చెయ్యి దానంతట అదే పాప వీపు తట్టింది.

"అక్కా... నీళ్లు కావల్ల."

ఫ్లాస్కు కోసం ఫోను వెలిగించాను. వెలుతురు పాప ముఖం మీద పడింది. నోరు మూసుకుని ఉంది. గాఢ నిద్ర. ఊపిరి నా మోచేతికి తగులుతోంది.

మాట పైనుంచి వచ్చింది.

నేను కదలలేదు. కదలలేకపోయాను.

"అక్కా... యాడుండావు? చీకటిగా ఉండాది. నన్ను దించు."

ఆ మాటలు నేను నేర్పినవి. 'నన్ను దించు' అని రోజూ కుర్చీలోంచి చేతులు చాపేది. అదే గొంతు. చివర్లో కాస్త సాగదీయడం కూడా అదే. ఆ దేశం మొత్తంలో రాయచోటి తెలుగు వచ్చినవాళ్లు మేమిద్దరమే. ఇద్దరం కిందే ఉన్నాం.

ఉన్నామా?

పాప పైకి పోయింది నిజం. కాసేపు నా కంటికి కనపడలేదు, అదీ నిజం. మరి దిగి వచ్చింది ఎవరు? పైన ఏడుపు మొదలైంది. వెక్కి వెక్కి, మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ. నాకు తెలిసిన ఏడుపే అది. మనసు ఆగలేదు. ఒళ్లో ఉన్న బిడ్డను గడ్డి మీద పడుకోబెట్టి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

వెనక నుంచి నా చున్నీ బిగిసింది.

పాప కళ్లు తెరిచి చూస్తోంది. "లా," అంది. వద్దు అని, అరబ్బీలో. పుట్టినప్పటి నుంచి నాతో అరబ్బీలో ఒక్క మాట మాట్లాడని పిల్ల.

ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలియదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. బయట టార్చిలైట్లు, కేకలు. తలుపు తెరుచుకుంది. మేడం పరిగెత్తుకొచ్చి పాపను హత్తుకుంది. నేను పైకి చెయ్యి చూపించాను. గడియ వేసింది ఆ ఇంటి ముసలావిడేనంట. ఆమే టార్చి పట్టుకుని నిచ్చెన ఎక్కింది. దిగి వచ్చి, ఏమీ లేదని చేతులు తిప్పింది.

అందరూ బయటికి నడిచారు. మేడం భుజం మీద పాప మళ్లీ నిద్రపోయింది. నాకు నోటి దాకా వచ్చింది. మరియమ్మా, రా, పోదాం. పిలిస్తే ఆ పైనున్నది పలుకుతుందేమో. పలికి వెంట వస్తుందేమో. పెదాలు బిగపట్టుకున్నాను. ముసలావిడ తలుపు మూసి, మళ్లీ గడియ వేసింది.

ఆ రాత్రి తర్వాత ఆ పిల్ల నోట తెలుగు రాలేదు. తిన్నది, నవ్వింది, ఆడుకుంది. అంతా అరబ్బీలోనే. "నీళ్లు కావల్లనా?" అని నేను అడిగితే, ఈమె ఏమంటోందని వాళ్ల అమ్మను అడిగింది. మేడం సంతోషపడి నాకు సెంటు సీసా ఇచ్చింది. రెండు నెలలకు ఇంటికి పంపించింది.

"పసిబిడ్డ మే. బెదురుకోని ఉంటాది. బెదురుకుంటే మాటలు మర్చిపోరా?" అంది షబానా.

"అదే అయ్యుంటాది."

"పైన అరిచింది పిల్లి మే."

"పిల్లి నీళ్లు అడుగుతాదా?"

షబానా లేచి తలుపు గడియ సరిగా పడిందో లేదో చూసి వచ్చింది.

షబానా చెప్పిందే నిజం కావచ్చు. కావాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ రాత్రి లేచి కుండలో చెంబు ముంచినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతుంది. ఆ కొండల్లో ధారగా నీళ్లు పోతూనే ఉంటాయి. ఆ బురుజులో ఎవరైనా నీళ్లు అడిగినా, అక్కడివాళ్లకు ఆ మాట అర్థం కాదు. అర్థమయ్యేది నాకు ఒక్కదానికే. నేను పిలవకుండా వచ్చేశాను.