ఉరుకుందప్ప సారు పూర్తి చేయని హౌఎవర్

నిన్న పొద్దున ఎమ్మిగనూరు బస్టాండ్ దగ్గర ఉగ్గాని తింటూ ఉంటే మాబు ఫోన్ చేశాడు. డిగ్రీలో నా బెంచ్‌మేట్.

"ఉరుకుందప్ప సారు పోయినాడప్పా. గుండె ఆగిపోయిందంట."

"పొద్దున్నే ఏం మాటల్రా అవి? మొన్ననే నా స్టేటస్‌కి రిప్లై పెట్టినాడు!"

ఎప్పుడూ నోరు మూయని మాబు, మట్టి ఎన్ని గంటలకో మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాడు. అప్పుడు నమ్మాను.

నా స్టేటస్ ఇది: ‘ఉద్యోగం వచ్చింది. మనసు బాగాలేదు.’

సారు రిప్లై ఇది: ‘రెండు మాటలు పెట్టినావు. మధ్యలో వంతెన యాడ నాయనా?’

అదే ఆఖరి మెసేజ్.

ఇందుమూలంగా మిత్రులందరికీ తెలియజేయునది ఏమనగా, నేను ఏడవడం లేదు. నాకు ఒళ్లు మండుతోంది. ఎందుకో చెప్తాను.

సారుది కైరుప్పల. ఆదోనిలో మా ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన దగ్గరికి వచ్చే నాటికి మాకు లింకింగ్ వర్డ్స్, అదే సారు అనే వంతెనలు, అన్నీ వచ్చు. అంటే బట్టీ వచ్చు. పరీక్ష పేపర్ మీద మోరోవర్, ఫర్దర్‌మోర్ ఎక్కడ పడితే అక్కడ చల్లేవాళ్లం, ఉగ్గాని మీద పుట్నాల పొడి చల్లినట్టు.

సారు ఆ పేపర్లు పక్కన పడేసి, శనివారం మమ్మల్ని పాత హాల్లోకి తోలుకుపోయి, బెంచీలు రెండు వైపులా జరిపించారు.

"మా ఊర్లో ఉగాది అయినాక రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటాం, తెల్సు కదా? ఈడ మాటలతో. ఒకటే రూలు. అవతలోళ్ల పిడకను ముందు చేత్తో పట్టుకోవాల. ఆ తర్వాతే నీది ఇసరాల."

ఆరోజు టాపిక్ సుగ్గి. కోసిగి వైపు జనం పనులు లేక గుంటూరు మిరప కోతలకి పోతారే, అది. టౌన్ పిల్లోడిని కదా, నేను లేచి దంచేశాను. పిల్లల చదువు పాడవుతుంది, తల్లిదండ్రులు వాళ్లను వెంట తీసుకుపోకూడదు అని. మావైపు చప్పట్లే చప్పట్లు.

ఎదురుగా కోసిగి సువార్త లేచింది. కోపంతో వణికిపోతోంది.

"ఆగమ్మా," అన్నారు సారు. "వానిది పట్టుకున్నావా?"

ఆ అమ్మాయి ఊపిరి తీసుకుంది. తర్వాత ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో పేర్చుకుంటూ అంది: అతను చెప్పింది నిజమే, పిల్లల చదువు పోతుంది. నాదీ ఒక సంవత్సరం పోయింది. హౌఎవర్, తాళం వేసిన ఇంటి ముందు ఆ పిల్లలకి అన్నం ఎవరు పెడతారు?

నాకు తగిలిన మొదటి పిడక అది. ఇప్పటికీ నొప్పి ఉంది.

సారు నా భుజం తట్టి, "తగిలిందా? మంచిదప్పా. అవతలోని మాట పట్టుకోకుండా ఇసిరితే అది వాదన కాదు, రాళ్లేయడం. మా ఊర్లో రాళ్లు ఎయ్యం," అన్నారు.

ఆ క్లాసు గోలగా ఉండేది. ఒప్పుకుంటా. ఒక శనివారం ఎవరో పెద్దమనుషులు కాలేజీ చూడ్డానికి వచ్చిన టైమ్‌కి, మేము నలభై గొంతులతో ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ అని అరుస్తున్నాం.

అంతే. శనివారం హాలుకి తాళం. లోపల పెద్ద స్క్రీన్ పెట్టారు. ఇకపై ఇంగ్లీషు స్క్రీనే చెబుతుందట.

సారు ఆఫీసు రూముకి పోయారు. తలుపు దగ్గర నేనూ మాబూ నిలబడి ఉన్నాం. కరస్పాండెంట్ గారి ముందు కూడా సారు రూలు తప్పలేదు.

"మీరన్నది నిజమే సార్, గోల ఎక్కువే. హౌఎవర్..."

"హౌఎవరూ లేదు, గీఎవరూ లేదు. పోయి సిలబస్ సూసుకోప్పా."

మాకు వాక్యాలు కట్టడం నేర్పిన మనిషిని ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వలేదు.

బయటికొచ్చి సారు నవ్వారు. "ఆయన పట్టుకోవడం నేర్సుకోలేదు, పాపం," అన్నారు. పాపమట! తర్వాత శనివారాలు వాళ్ల ఇంటి అరుగు మీద నడిపారు. మొన్నటి శనివారం వరకూ. హొళగుంద నుంచి కన్నడం మాట్లాడే పిల్లలు కూడా ఆ అరుగు మీదికే వచ్చేవాళ్లు. నిన్న కైరుప్పలలో మట్టి వేసేటప్పుడు ఒక జూనియర్ నన్ను అడిగింది: "అన్నా, ఈ శనివారం మేము యాడికి పోవాల?"

ఇక ఇవాళ పొద్దున మాబు ఫోటో పంపాడు. కాలేజీ గేటుకి ఫ్లెక్స్. ‘తీరని లోటు’ అట. అందులో సారు ఫోటో స్టాంపు అంత. కరస్పాండెంట్ గారు నమస్కారం పెడుతున్న ఫోటో తలుపు అంత. చనిపోయింది ఎవరో తెలియక టీ కొట్టాయన ఆయనకే దండ తెచ్చాడట!

సాయంత్రం నాలుగింటికి సంతాప సభ. ఎక్కడ? ఆ హాల్లోనే. తాళం ఇవాళ దొరికింది మరి.

కాబట్టి బ్యాచ్‌మేట్స్, సీనియర్లు, జూనియర్లు, అందరూ రండి. ఆదోని వాళ్లు నడిచి రండి, ఎమ్మిగనూరు వాళ్లు నాతో బస్సెక్కండి. ఎవరూ అరవొద్దు. ఫ్లెక్స్ చింపొద్దు. మాబూ, నీకే చెప్తున్నా.

కరస్పాండెంట్ గారు చివరి దాకా మాట్లాడతారు. మనం వింటాం. పట్టుకుంటాం.

అప్పుడు సువార్త లేస్తుంది. ఇప్పుడు తను లాయర్ దగ్గర జూనియర్, వణుకు ఎప్పుడో పోయింది.

"మీరన్నది నిజమే సార్, తీరని లోటే. హౌఎవర్, శనివారం క్లాసు మేము చెబుతాం. ఈ హాలు తాళం ఇవ్వండి."

ఈసారి మధ్యలో ఆపితే, మిగతా వాక్యం అందుకోవడానికి హాలు నిండా మనం ఉంటాం.

సారూ, పట్టుకోవడం మీరు నేర్పినారు. ఇసరడం మేము చూసుకుంటాం.

మీరు నిమ్మళంగా పడుకోండి.