జుహ్దీ గారి మఖ్లూబా సీను

మా ఉస్తాద్ జుహ్దీ నోట ‘బాగుంది’ అన్న మాట పుట్టదు. ఎంత గొప్పగా చేసినా ‘మరోసారి’ అనే దర్శకుడు పాలస్తీనా మొత్తం మీద ఆయనొక్కడే. ఆయన సినిమాలకు సౌండు రికార్డు చేసేది నేనే కాబట్టి, ఆ మాటతో నా చెవులు పడ్డ పాట్లు ఇంకెవరూ పడి ఉండరు.

తన పెళ్లిలో కాజీ గారు "సమ్మతమేనా?" అంటే "సమ్మతమే" అన్నారట. అని, తల అడ్డంగా ఊపి, "గొంతు తేలిపోయింది, మరోసారి అడగండి" అన్నారట. పెళ్లికూతురు "ఇంకోసారి అన్నావంటే నా సమ్మతం వెనక్కి తీసుకుంటా" అన్నాక గానీ నోరు మూసుకోలేదట.

ఒకసారి చెక్‌పోస్టు దగ్గర సిపాయి బస్సెక్కి "ఎక్కడికి?" అన్నాడు. ఈయన "ఇంటికి" అన్నారు. సిపాయి గుర్తింపు కార్డు తిరిగిచ్చేశాడు కూడా. "ఉండు బాబూ, సరిగ్గా పలకలేదు. మరోసారి చెప్తా" అన్నారీయన. బస్సు మొత్తాన్ని దించి ఎండలో నిలబెట్టారు. దారి పొడుగునా జనం ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

అలాంటి మనిషి బేత్లెహేం కొండల్లోని మా ఊళ్లో, ఉమ్ ఖైరీ ఇంట్లో సినిమా మొదలెట్టారు. చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన కొడుకు కోసం భోజనం పెట్టుకుని ఎదురుచూసే తల్లి కథ. తల్లి వేషం ఉమ్ ఖైరీదే. కట్టడానికి పర్మిట్ లేదని ఆ ఇంటి మీద సైన్యం వేసిన కూల్చివేత ఉత్తర్వు ఉంది. ఆపించడానికి లాయరు జెరూసలేం కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ ఉదయం ఉమ్ ఖైరీ వంకాయలూ మాంసమూ అన్నమూ కలిపి వండిన కుండను పళ్లెంలో బోర్లించి, అడుగున తట్టి, పైకెత్తింది. మఖ్లూబా చెక్కు చెదరకుండా నిలబడింది. ఆమె గుమ్మం వైపు చూసిన చూపుకి నా కళ్లు చెమర్చాయి. అదే క్షణాన హెడ్‌ఫోన్లలో బుల్డోజరు మోత వినపడింది.

"మరోసారి" అన్నారు ఉస్తాద్.

జీపు దిగి ఆఫీసరు వచ్చాడు. "ఇల్లు ఖాళీ చెయ్యండి."

"ఒక్క సీను బాబూ, అయిపోవచ్చింది."

ఫ్రెంచి కెమెరామన్‌ని చూసి ఆఫీసరు తటపటాయించాడు. పైవాళ్లతో వైర్‌లెస్‌లో ఏదో మాట్లాడి, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

మఖ్లూబా అంటే గంటన్నర వంట. రెండోది దించగానే, "ఆవిరి ఎడమ పక్కకి పోయింది, మరోసారి." మూడోదానికి, "వంకాయలో దిగులు లేదు, మరోసారి."

"ఉస్తాద్, నా పొట్టలో ఇక మెతుక్కి చోటు లేదు" అని తండ్రి వేషగాడు మొరపెట్టుకున్నాడు.

"పాత్ర ఆకలి మీదుంది. నీ పొట్టతో నాకేం పని?"

నాకు ఒళ్లు మండిపోయింది. గుమ్మంలో బుల్డోజరు పెట్టుకుని ఈయనకి వంకాయ దిగులా! అప్పుడే, ఉమ్ ఖైరీ మెడపట్టీకి గుచ్చిన మైకులోంచి వంటింటి మాటలు వినపడ్డాయి.

"మంట తగ్గించు పిన్నీ. నెమ్మదిగా ఉడకనీ."

"ఒరే జుహ్దీ, పొద్దుటిది అంత బాగా వచ్చింది కదరా?"

"అంతకన్నా బాగా నా జన్మలో రాదు. కెమెరా తిరిగినంతసేపూ వాళ్లు బండి ముందుకు తేరు. లాయరు ఫోను చేసేదాకా వండుతూనే ఉందాం."

"బియ్యం అయిపోతే?"

"వీధి వీధంతా ఉంది కదా పిన్నీ."

ఇన్నేళ్లూ నేను చాదస్తుడనుకున్న మనిషి, ఒక్క వంటకుండతో బుల్డోజరుని ఆపుతున్నాడు. ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

నాలుగో మఖ్లూబా అద్భుతంగా కుదిరింది. ఉస్తాద్ నోరు తెరిచారు గానీ, వంక దొరకలేదు. ఓపిక చచ్చిన ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి, "ఇది బ్రహ్మాండంగా ఉంది, నేనూ చూశాను!" అన్నాడు.

నేను చెయ్యెత్తాను. "ఉస్తాద్! విమానం మోత పడింది."

ఆకాశంలో కాకి కూడా లేదు. ఉస్తాద్ నన్ను నిదానంగా చూసి, ఆఫీసరు వైపు తిరిగారు. "విన్నావా బాబూ? విమానాలు మీవే. మేమేం చేస్తాం? మరోసారి."

ఉమ్ ఖైరీ పక్కింటి బియ్యం కడుగుతుండగా లాయరు ఫోను వచ్చింది. విచారణ అయ్యేదాకా ఇల్లు ముట్టుకోవద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ కబురు వైర్‌లెస్‌లో ఆఫీసరుకీ చేరింది. బుల్డోజరు సందులో వెనక్కి వెనక్కి పోయింది.

ఉమ్ ఖైరీ తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుని లేచింది. "సీను అయిపోయిందట్రా?"

"అయిపోయింది పిన్నీ."

"అయితే అందరూ బయటికి నడవండి. ఎక్కడ చూసినా మెతుకులే. నా ఇల్లు నేను ఊడ్చుకోవాలి."

చెప్పులు చేత పట్టుకుని అందరికన్నా ముందు ఉస్తాద్ బయటికి నడిచారు.