కంటైనర్‌కి పెట్టిన బొట్టు

మా రొయ్యల ఫ్యాక్టరీ పిఠాపురం దాటాక ఉప్పాడ వైపు ఉంది. గడ్డకట్టించిన రొయ్యల పెట్టెల్ని చల్లటి కంటైనర్లలోకి ఎక్కించే చోట నేను సూపర్‌వైజర్ని. నాకు నోరెక్కువని అందరూ అంటారు. లోడింగ్ దగ్గర నోరు లేనివాళ్లు ఒక్కరోజు కూడా నిలవలేరని నేనంటాను.

కంటైనర్ కదిలే ముందు దానికి బొట్టు పెట్టడం నా అలవాటు. శుక్రవారం గడపకి పసుపు రాశాకే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అలాంటిది సముద్రం దాటి వెళ్లేదాన్ని బోసి ముఖంతో ఎలా పంపను? మొదట్లో తలుపులకి పెట్టేదాన్ని. తినే సరుకు దగ్గర పసుపేంటని మేనేజరుగారు కేకలేశారు. వాదించి వాదించి, కంటైనర్ ముందువైపు బయట ఉండే కూలింగ్ మిషనుకి మార్చాను. దాని మూత రేకుకి నాలుగు మూలలా నాలుగు బోల్టులుంటాయి. బోల్టునీ రేకునీ కలిపి మందంగా పసుపు, మధ్యలో కుంకుమ పెడతాను. హైవే గాలికి రాలిపోకుండా పసుపులో కాస్త గంజి కలుపుతాను.

ఆ కంటైనర్లని పోర్టుకి తీసుకెళ్లే ట్రైలర్‌కి డ్రైవరు మా ఆయనే. అంతకుముందు మండపేటలో బియ్యం లారీ నడిపేవారు. "పెళ్లికూతురి ముస్తాబు అయిందా? అప్పగింతలు కూడా పెట్టేస్తే బయల్దేరతాను" అని కేబిన్లోంచి ఏడిపించేవారు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీకి ఫోనొచ్చింది. ముందురోజు మా ఆయన కాకినాడ పోర్టు బయట యార్డులో దింపి వచ్చిన కంటైనర్‌ని కస్టమ్స్ వాళ్లు తనిఖీ చేశారట. మిషను మూత వెనక మత్తుమందు పొట్లాలు దొరికాయట. అప్పటికే ఆయన్ని ఇంటి నుంచి తీసుకెళ్లిపోయారు. మేనేజరుగారే నన్ను తన కారులో కస్టమ్స్ ఆఫీసుకి తీసుకెళ్లారు. దారంతా ధైర్యం చెబుతూనే ఉన్నారు గానీ నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఆఫీసులో మా ఆయన బల్ల మీద తల వంచుకుని కూర్చున్నారు. చూడగానే ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది.

"బండి ఆయన చేతిలోనే ఉంది కదమ్మా, దారిలో ఎక్కడైనా ఆపి మూత తీయొచ్చు" అన్నారు అక్కడి మేడమ్.

"బొట్లు చూశారా అండి?" అన్నాను.

"ఏం బొట్లు?"

"మూత బోల్టులకి పసుపు పెట్టి పంపానండి. తిప్పితే పగలాలి కదండీ!"

ఆవిడ కంప్యూటర్ నా వైపు తిప్పారు. మూత విప్పే ముందు వాళ్లు తీసిన ఫొటోలో రెండు బొట్లు పగిలి ఉన్నాయి, రెండు అసలు లేవు. మా ఆయన కంటైనర్ అప్పగించినప్పుడు యార్డు గేటులో తీసిన ఫొటోలో నాలుగూ ఉన్నాయి.

"దారిలో విప్పి, మళ్లీ పెట్టి ఉండొచ్చుగా?" అన్నారావిడ.

మేనేజరుగారు తన ఫోన్లో, బండి మా ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు తీసిన ఫొటో తెరిచి పక్కన పెట్టారు. ఎడమ పక్క కింది బొట్టు నుంచి గంజి పసుపు చారలా జారింది. రెండు ఫొటోల్లోనూ అదే చార, అదే వంపు. మేడమ్ రెండింటినీ పెద్దవి చేసి మార్చి మార్చి చూశారు. పసుపు వద్దన్న మేనేజరుగారు మాత్రం నా వైపు చూసి కళ్లు తుడుచుకున్నారు.

మా ఆయన్ని ఆరోజే వదల్లేదు. మర్నాడు యార్డు కెమెరాలు చూసి, కంటైనర్లకి కరెంటు ప్లగ్గులు పెట్టే ఇద్దరిని పట్టుకున్నాకే పంపించారు.

ఇంటికొచ్చారు గానీ ట్రైలర్ తాళం ముట్టుకోలేదు. "మళ్లీ ఎవడైనా ఏదైనా పెడితే?" అనేవారు. నాకే లేని ధైర్యం ఆయనకేం చెప్పను? రొయ్యల వేపుడు చేసినా కంచంలో కెలికి లేచిపోయేవారు.

దసరా వెళ్లాక ఒకరోజు లోడింగ్ దగ్గరికి ట్రైలర్ వెనక్కి వస్తోంది. డ్రైవరు సీట్లో ఆయనే. సరుకెక్కింది, తలుపులు పడ్డాయి. నేను పసుపు కలుపుతుంటే కేబిన్ దిగి వచ్చి, నా ముందు తల వంచి నిలబడ్డారు.

"ముందు నాకెట్టు. తర్వాత దానికి."

పసుపు వేలితోనే గబుక్కున పెట్టేశాను. బొట్టు వంకరగా పడింది. ఆయన అద్దంలో చూసుకుని, "ఏంటే, ఇలా ఎట్టావు?" అన్నారు.

"ఉండనివ్వండి. అలాగే తిరిగి రండి, చూస్తాను."

సాయంత్రం గేటు దగ్గరే నిలబడ్డాను. ఆయన నుదుటి బొట్టు చెమటకి కాస్త చెదిరింది గానీ, వంకర అలాగే ఉంది.