తువ్వాలు పూర్తి చేయని డ్రైవరు

మా ఎదురింటి డ్రైవరుకి మతి చెడిందని వీధిలో అనుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. పొద్దున నేసింది సాయంత్రం విప్పేస్తాడు, అంతే. ముప్ఫై ఏళ్ళు బస్సు తోలినవాడు, వెళ్ళిన దారినే తిరిగి రావడం అలవాటు.

ఈమధ్య మగ్గాలు మళ్ళీ ఇళ్ళల్లోకి వస్తున్నాయి కదా, మా వీధిలోనే నాలుగు. మిగతా ముగ్గురూ ఆర్నెల్లకే దుప్పట్లు నేసి చుట్టాలకు పంచేశారు. మనవాడు రిటైరై మగ్గం పెట్టి రెండేళ్ళు, ఒక్క తువ్వాలు దించిందీ లేదు.

వాళ్ళ గోడా పక్కింటి పెద్దాయన గోడా ఒకటే. ఆ పెద్దాయన ఒకప్పుడు పేరున్న నేతగాడు. చూపు తగ్గి మగ్గం మానేశాక మంచం దిగడం మానేశాడు, మాట్లాడ్డం మానేశాడు. కోడలు కంచం పట్టుకుని బతిమాలితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. డ్రైవరు మగ్గమెక్కిన మొదటిరోజే ఆ గోడ అవతలనుంచి కేక.

"ఒరే డ్రైవరూ, పోగు తెగింది చూసుకో."

చూపు ఆనకపోతేనేం, చప్పుడుతో పట్టేశాడు. చేతికర్ర పట్టుకుని తనే వచ్చేశాడు.

"మెల్లిగా తొక్కాలిరా. బ్రేకనుకున్నావా?"

"అలవాటైపోయింది బాబాయ్."

"నీ బస్సెక్కినవాళ్ళు పుణ్యాత్ములు, బతికి దిగారు. విప్పు."

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. ఓనాడు పోగు తెగుతుంది, ఓనాడు అంచు పాములా పోతుంది. పెద్దాయన రావడం, తిట్టడం, దగ్గరుండి విప్పించడం. "తిట్టడానికి ఓపిక కావాలిగా పిన్నీ, ఇప్పుడు అడిగి మరీ రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు" అంది కోడలు. ఇంత మొద్దు శిష్యుణ్ణి నేనెక్కడా చూళ్ళేదనుకున్నాను.

మొన్న సూది అడిగే వంకతో డ్రైవరింటికి వెళ్ళాను. మూల పెట్టె మూత కాస్త తెరిచి ఉంది. కాస్త తెరిచినదాన్ని పూర్తిగా తెరవకపోతే నాకు అన్నం సయించదు. లోపల ఆరు తువ్వాళ్ళు. స్కేలు పెట్టి గీసినట్టు అంచులు, ఒక్క పోగు తప్పితే ఒట్టు.

"ఎప్పుడు నేశావయ్యా ఇవి?"

"బాబాయ్ కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళిన రోజుల్లో."

"ఇంత పని చేతిలో ఉంచుకుని ఆ తిట్లన్నీ ఎందుకు తింటున్నట్టు?"

మూత వేసి, గోడవైపోసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మెల్లిగా అక్కయ్యా, వింటాడు. నాకు పని వచ్చేసిందని తెలిస్తే రేపట్నుంచి మళ్ళీ మంచమెక్కుతాడు. నా దగ్గరేమో తప్పులు అయిపోవచ్చాయి. రేపు మీరొచ్చి కూర్చోండి, మీకు నిజంగానే రాదు కదా."