బంతి కోసిన ఆంటీ

నిన్న సింగపూర్ పాసిర్ రిస్‌లో మా బ్లాకు పక్కనున్న దుకాణంలో మా పాపకి రబ్బరు బంతి కొన్నాను. ఆ కొత్త రబ్బరు వాసన తగలగానే నాకు గుర్తొచ్చింది ఆట కాదు, సుశీల ఆంటీ కత్తిపీట. ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఆ కోపం చల్లారలేదు. నేను చల్లారనివ్వలేదు కూడా.

అప్పట్లో మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్ నిండా పిల్లలే. డిసెంబరు వానలు చుట్టూ కుమ్మరిస్తుంటే, మేం లోపల పొడినేల మీద, ఎవరింటి మరమ్మతుల్లోనో పగిలిన టైలు ముక్కలు పేర్చి ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. నేను నేర్పిన ఆటే, మలయ్, చైనీస్, తమిళ పిల్లలంతా "పెంకు, పెంకు" అని గొంతు చించుకుంటూ ఆడేవాళ్ళు. వినాయక చవితికి అమ్మ కుడుములు కిందికి పంపిస్తే వేడి తగ్గకముందే గిన్నె ఖాళీ అయ్యేది.

రెండో అంతస్తులో ఉండే సుశీల ఆంటీది తెనాలి. ఆవిడ కొడుకులిద్దరూ పొద్దస్తమానం ట్యూషన్ పుస్తకాల ముందే. మా గోల భరించలేక ఓ సాయంత్రం కిందికొచ్చి, పుట్టినరోజుకి నాన్న కొనిచ్చిన నా బంతి లాక్కుపోయింది. ఏడుస్తూ వెంటబడ్డాను. బీరకాయలు తరుగుతున్న కత్తిపీట మీదే బంతిని రెండు ముక్కలు చేసి నా చేతిలో పెట్టింది.

"మావోళ్ళు చదూకోవాల. ఇంకోసారి చప్పుడు చేశారంటే ఊరుకోను, ఏమనుకున్నారో!"

అంతటితో ఆగక, ఫిర్యాదు మీద ఫిర్యాదు చేసి, బంతి ఆటలు ఆడకూడదని బోర్డు కూడా పెట్టించింది.

కొడుకులు చదివారు. ఒకడు మెల్‌బోర్న్‌లో, ఇంకొకడు టొరంటోలో స్థిరపడ్డారు. రెండోవాడు కూడా తిరిగి రాడని తెలిసినరోజు నేను పాయసం వండుకున్నాను. నాతో ఆడిన ఫరీదా, మేలింగ్ కూడా సింగపూర్ వదిలి వెళ్ళిపోయారు. అమ్మానాన్నల ఫ్లాట్‌లో నేనే మిగిలాను. బ్లాకులో ఇప్పుడు చేతికర్రల చప్పుడే ఎక్కువ.

నిన్న బంతితో వస్తుంటే, ఆంటీ ఆ బోర్డు కిందే బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఏమ్మా, పాపను కాసేపు ఇక్కడ ఆడించరాదా? బొత్తిగా మనిషి అలికిడే లేకుండా పోయింది."

ఈ మాట కోసమే ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నాను. వేలెత్తి చూపించాను.

"బోర్డు ఉంది కదాంటీ."

ఆవిడ తల దించుకుంది. నాకు హాయిగా అనిపించింది, దాచడమెందుకు. పాప మాత్రం నా చెయ్యి పట్టి లిఫ్టు వైపు లాగుతూ, ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో అంది.

"నోబడీ టు ప్లే విత్ లా, అమ్మా. లెట్స్ గో హోమ్."

నా పగ తీరింది. బంతి పాప అలమారాలో ఉంది, ఇంకా కొత్త వాసన వేస్తూనే.