పెట్టెల జీవానందం చేసిన ఉయ్యాల

మా ఆయన ఎవరినీ "ఒంట్లో ఎట్టుండాది?" అని అడగడానికి వీల్లేదు. అడిగాడంటే ఆ ఇంట్లో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు వస్తే మా ఊరు. ఊళ్ళో జీవానందం అంటే ఎవరికీ తెలియదు. పెట్టెల జీవానందం అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు, చూపించి పరుగెత్తుతారు. చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరు పోయినా శవపేటిక మా ఇంటి నుంచే వెళ్ళాలి. మా మామగారు చేశారు, ఇప్పుడు ఈయన చేస్తున్నాడు.

ఆదివారం చర్చిలో అందరూ పరలోకం గురించి గొంతు చించుకుని పాడతారు. అక్కడికి ఎప్పుడెప్పుడు పోదామా అన్నట్టు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ప్రార్థన అయ్యాక మా ఆయన వచ్చి పక్కన నిలబడితే మాత్రం రెండడుగులు అవతలికి జరుగుతారు. ఒకసారి లాజరస్ తాత కొత్త చొక్కా వేసుకొస్తే, బాగుంది కదా అని ఈయన కాసేపు అలాగే చూశాడు. "ఏందిరా కొలుస్తా ఉండావు? నేనిప్పుడే పోనులే, పో!" అని ఆ తాత కర్రెత్తాడు. పెళ్ళి శుభలేఖలు నా పేరు మీద వస్తాయి. "శ్రీమతి అబిగయీలు గారికి" అని రాసి, కింద "కుటుంబ సమేతంగా" అన్న అచ్చు మాటను పెన్నుతో కొట్టేస్తారు. ఎంత మర్యాదస్తులో చూడండి.

ఆయనకున్న కోరికల్లా ఒక్కటే. బతికున్నవాళ్ళ ఇంట్లో తన చేతి వస్తువు ఒకటుండాలి, దాన్ని రోజూ ఎవరో ఒకరు వాడుకోవాలి, ఇది జీవానందం చేశాడని ఒక్కరైనా అనాలి. బంగళా అడిగాడా, కారు అడిగాడా? ఒకసారి ముచ్చటపడి పీట చేసి గిరిబాబు వాళ్ళమ్మకు పంపాడు. గిరిబాబుకు రొయ్యల గుంటలున్నాయి, మేడ ఉంది. ఆ పెద్దావిడ పీట మీద కూర్చున్నాక చేసిందెవరో తెలుసుకుని, నిప్పుల మీద కూర్చున్నట్టు ఎగిరి లేచిందట. సాయంత్రానికల్లా పీట మా గుమ్మంలో ఉంది. ఏ దోషమూ వాళ్ళింట్లో మిగలకుండా పసుపునీళ్ళు చల్లి మరీ పంపించారు.

అలాంటి రోజుల్లో నెల్లూరు నుంచి ఫేబీ అనే అమ్మాయి వాళ్ళ తాత భూస్థాపనకు మా ఊరొచ్చింది. అందరూ తాతను చూసి ఏడుస్తుంటే ఈ పిల్ల పెట్టెను చూస్తోంది. మేకు తల ఒక్కటీ పైకి కనబడదు, మూలల్లో చెక్కలోకి చెక్క దూర్చి బిగిస్తాడాయన. మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు కారు దిగింది.

"అంకుల్, నాకు నెల్లూర్లో 'సాదా' అని షాపుంది. అన్నీ డిజైనర్ వస్తువులే. రోజూ వాడుకునే సామాను సింపుల్‌గా, అందంగా ఉండాలనేది నా ఆలోచన. పోపుల పెట్టెలు, ఉప్పు పెట్టెలు, పీటలు... మీరు చేసిస్తారా?"

"నేను శవాల పెట్టెలు చేసేవాణ్ణమ్మా," అన్నాడీయన.

"అయితే ఏమయింది? ఈ కాలంలో అవన్నీ ఎవరు పట్టించుకుంటారు అంకుల్?"

ఎంత మంచి పిల్ల అనుకుని, చిక్కటి కాఫీ కలిపి ఇచ్చాను. పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "కాకపోతే కస్టమర్లకు మాత్రం తెలియనివ్వొద్దు," అంది. కాఫీ దండగైపోయింది.

అయినా ఈయన ఉత్సాహం ఈయనది. మొదటి పోపుల పెట్టె మీద తామరపువ్వు చెక్కాడు, ఇటూ అటూ పావురాలను చెక్కాడు, ఎర్రరంగు వేశాడు. ఫేబీ వచ్చి చూసి పావురాలు తీసేయమంది. పువ్వు తీసేయమంది. రంగు వద్దంది. మూత తీయడానికి పెట్టిన పిడి కూడా తీసేయమంది. తీసేసిన కొద్దీ దాని రేటు పెరిగింది. చివరికి ఏమీ లేని నున్నటి వేపచెక్క పెట్టె మిగిలితే, "ఇదీ డిజైన్ అంటే!" అని చప్పట్లు కొట్టింది. నేను మా ఇంటిని ఒకసారి కలయజూశాను. గోడకు బొమ్మ లేదు, కిటికీకి తెర లేదు, కుర్చీకి పిడి లేదు. నా కాపురం మొదలైనప్పటి నుంచీ దీన్ని లేమి అనుకుంటున్నాను, డిజైన్ అని ఎవరూ చెప్పలేదు.

ప్రతి వస్తువుకూ ఫేబీ ఒక అట్టముక్క కట్టేది. "సముద్రతీర గ్రామ హస్తకళాకారుల చేతుల్లో పుట్టినది" అని దాని మీద ఉండేది. కళాకారులట! ఉన్నది ఒక్కడు, ఆ ఒక్కడి పేరూ రాయడానికి చోటు చాలలేదు కాబోలు.

ఒకరోజు గిరిబాబు మా ఆయనను కేకేసి పిలిచాడు. గేటు తీయలేదు, కడ్డీల సందులోంచి ఒక ఉప్పు పెట్టె చూపించాడు.

"ఏమయ్యా జీవానందం, నెల్లూర్లో కొన్నాం. పని అంటే అట్టుండాల. ఆ పెట్టెలు మానేసి ఇట్టాంటివి నేర్చుకోరాదా?"

"బాగుండాది సార్," అని వచ్చేశాడీయన. ఆ పెట్టెలో ఉప్పు కూడా పోయలేదట, గాజు బీరువాలో పెట్టి వచ్చినవాళ్ళకు చూపిస్తున్నారట. విని నాకు ఒళ్ళు మండిపోయింది. "పోయి చెప్పు, అది నాదేనని చెప్పు!" అని అరిచాను. "చెప్తే పసుపునీళ్ళు చల్లి పంపిస్తారే," అని నవ్వాడు. నవ్వుతాడు, అదే నాకు మరీ మంట.

ఇంతలో మా ఆడబిడ్డ ఎలిశబెతు కూతురు కెజియాకు ఆడపిల్ల పుట్టింది. ఎలిశబెతు ఉండేది మా పక్క వీధిలోనే. ఈయనకు ఒక్కగానొక్క చెల్లెలు, ఆమెంటే ప్రాణం. వార్త తెలియగానే పరుగున వెళ్ళాడు, వెనకాలే నేనూ వెళ్ళాను.

"అమ్మా, పాపకు ఉయ్యాల నేను చేస్తా," అన్నాడు.

ఎలిశబెతు గబుక్కున వీధి తలుపు వేసింది. "నీ చేత్తో ఉయ్యాలా అన్నా? మనుబోలు నుంచి కెజియా అత్త వస్తాది. ఆమెకు తెలిస్తే ఇంకేమన్నా ఉండాదా? బిడ్డను ఈ ఇంట్లో ఒక్క పూట ఉంచదు. నాకొద్దు."

ఆయన తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఇంటికొచ్చి, దాచుకున్న టేకు చెక్క బయటికి తీసి, ఉయ్యాల చేయడం మొదలుపెట్టాడు. ఎవరికని అడిగితే, "ఎవరో ఒకరి బిడ్డ పడుకుంటాదిలే," అన్నాడు. చిత్రిక పడుతూ తనలో తాను పాడుకున్నాడు కూడా. అయ్యాక ఫేబీ ఆటో పంపించి తెప్పించుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా ఆయన వీధిలోనే నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

పాపను ఉయ్యాలలో వేసే ప్రార్థనకు మమ్మల్ని పిలిచారు. వెళ్ళేసరికి సావిట్లో పూలు కట్టి ఉంది ఉయ్యాల. మాదే! నేను నోరు తెరిచాను. ఈయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాడు.

"గమ్మునుండు. నువ్వు నోరు జారితే దాన్ని దొడ్లో పారేస్తారు. పాప దాంట్లో పడుకోవాల."

పాస్టరయ్య ప్రార్థన చేశారు. తల్లిని, బిడ్డను దీవించి, ఉయ్యాల చేసిన చేతులను కూడా దీవించమన్నారు. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది మనుబోలు వియ్యపురాలే. షాపు రసీదు చదివి, అట్టముక్క చదివి, "ఆ చేతులకు దండం పెట్టాలమ్మా!" అని అందరికీ వినిపించేలా చెప్పింది. దండం పెట్టాల్సిన చేతులు నా పక్కనే వెనక్కి కట్టుకుని ఉన్నాయి.

పాపను పడుకోబెట్టారు. ఒక్కొక్కరూ వెళ్ళి ఊపి వస్తున్నారు. ఈయనకు మనసాగలేదు, మెల్లగా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు.

"అన్నా, నువ్వు తాకబాక," అంది ఎలిశబెతు, అందరిముందూ.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఇక ఏదైతే అదయింది, ఈరోజు దీని సంగతి తేలుస్తానని వంటింట్లోకి వెళ్ళాను. నేను నోరు విప్పేలోగా ఎలిశబెతు తలుపు మూసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"తిట్టబాక వదినా. అది అన్న చేసిందేనని నాకు తెలుసు. మీ ఇంటి ముందు ఆటోకెక్కిస్తా ఉంటే చూసినా. బస్సెక్కి వెనకాలే నెల్లూరు పోయి, ఫేబీ షాపు వెతుక్కున్నా. షాపులో దించిన కాసేపటికే కొన్నా, ఇంకెవరన్నా కొనేస్తారని భయమేసింది. షాపు రసీదు చూస్తే వియ్యపురాలు నోరెత్తదు గదా."

నా చేతులు వదలకుండానే గొంతు ఇంకా తగ్గించింది.

"మా అమ్మ పెట్టెకు అన్న చిత్రిక పడతా ఉంటే పక్కన కూర్చొని చూసినదాన్ని నేను. అమ్మకు ఏదన్నా గుచ్చుకుంటాదేమో అన్నట్టు తడిమి తడిమి చేసినాడు. ఆ చేత్తో చేసింది కాకుండా నా మనవరాలికి ఇంకోటి ఎట్టా తెస్తా వదినా? అన్నకు చెప్పబాక. ఆయన మొహంలో ఏదీ దాగదు, అందరికీ తెలిసిపోతాది."

చెప్పనని ఒట్టేశాను.

మోపెడ్ మీద చిన్నగా బయల్దేరాం. ఇల్లు పక్క వీధిలోనే అయినా ఈయన అటు తిప్పకుండా రొయ్యల గుంటల గట్టు మీదికి పోనిచ్చాడు. కాసేపటికి, "పాప ఉయ్యాల్లో బాగా నిద్రపోయింది కదా?" అన్నాడు. "ఎలిశబెతుకేం తెలుసులే, అది షాపుదే అనుకుంటా ఉండాది," అన్నాడు మళ్ళీ.

నా కడుపులో మాట ఏనాడు దాగింది గనక! వీపు మీద ఒక్కటి చరిచి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను. బస్సు సంగతి, రసీదు సంగతి, వాళ్ళమ్మ పెట్టె సంగతి.

మోపెడ్ ఆపేశాడు. దిగి గట్టు మీద చతికిలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు భుజాలు కదిలాయి. నేను పక్కన కూర్చున్నాను.

"జీవానందం చేసిందనే కొనిందా?" అన్నాడు చివరికి.

"జీవానందం చేసిందనే కొనింది."

"మళ్ళీ చెప్పు," అన్నాడు. చెప్పాను.