చదవకుండా ఎత్తిన చెయ్యి

నూలు మిల్లు మూతపడిన మరుసటి ఏడు, దాన్ని కొన్నవాళ్ళు మిల్లు వెనకనున్న క్వార్టర్లు నెలలోగా ఖాళీ చెయ్యాలని కార్మికులకు నోటీసులిచ్చారు. మూడు వందల గడపలు. పేరున్న ప్లీడర్లు నలుగురు ఆ నోటీసు చూసి పెదవి విరిచారు. అయిదో ప్లీడరు ఆమె. కోర్టు వరండాలో టైపు మిషను పెట్టుకుని బతికిన మనిషి కూతురు. నల్లకోటు వేసుకుని అప్పటికి పదకొండేళ్ళు. కోర్టు ఎదురుగా, జిరాక్స్ దుకాణం పైన, నిచ్చెనలాంటి మెట్లెక్కి వెళ్ళే ఒక్క గది ఆమె ఆఫీసు. కక్షిదారులు ఇద్దరు కూర్చుంటే మూడోవాడు మెట్ల మీద నిలబడాలి.

ఏ కాగితం చేతికిచ్చినా "ఒక్క నిమిషం" అనేది. ఆ నిమిషం గంట కావచ్చు, పూట కావచ్చు. మొదటి అక్షరం నుంచి చివరి సీలు దాకా చదివితే గాని తల ఎత్తేది కాదు. జడ్జి పిలుస్తున్నా అంతే. బార్ రూములో ఆమెకు "ఒక్కనిమిషం మేడం" అనే పేరు స్థిరపడిపోయింది.

క్వార్టర్ల తరఫున ఆమె దగ్గరికి వచ్చింది దారాలత్త. మిల్లులో ముప్పై ఏళ్ళు తెగిన దారాలు ముడివేసిన మనిషి కాబట్టి అందరికీ దారాలత్తే.

"అత్తా, ఆ స్థలం మిల్లుకి ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగింది లాయరు.

"ఏమోనమ్మా. మా అత్తగారి కాలం నుంచీ మిల్లుదే అంటారు."

"అంటారు కాదు. చూద్దాం."

రిజిస్ట్రారు ఆఫీసులో పదమూడు రోజులు పాత పుస్తకాలు తిరగేస్తే, డెబ్భై ఏళ్ళ నాటి దస్తావేజు దొరికింది. నాలుగో పేజీలో, సరిహద్దుల వివరాల మధ్య ఇరుక్కుని ఒక వాక్యం ఉంది: ఇక్కడ కట్టే ఇళ్ళు మిల్లులో పనిచేసినవారికీ వారి సంతతికీ నివాసానికే తప్ప మరి దేనికీ వాడరాదు. విశేషమేమిటంటే, ఆ దస్తావేజు నకలును అవతలి ప్లీడర్లే తమ హక్కుకు రుజువుగా కోర్టులో దాఖలు చేసి ఉన్నారు. వాళ్ళూ చదవలేదు. కేసు పై కోర్టు దాకా వెళ్ళి అయిదేళ్ళు నడిచింది. ఇళ్ళు నిలబడ్డాయి.

ఆ తరవాతి ఎన్నికలకు ఒక పార్టీ జిల్లా నాయకుడు ఆయాసపడుతూ ఆ మెట్లెక్కి వచ్చాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, హైస్కూల్లో లెక్కల మాస్టారైన భర్తకు సంగతి చెప్పింది.

"ఎన్నికల్లో నిలబడమంటున్నారండీ."

"నీకు ఉపన్యాసం చెప్పడం రాదుగా?"

"రాదు."

"అబద్ధాలో?"

"అవీ అంతంతమాత్రమే."

"మరి ఏం చూసి అడుగుతున్నారు నిన్ను?"

"క్వార్టర్లలో తొమ్మిది వందల ఓట్లున్నాయట."

"అదీ! ఇప్పుడు లెక్క సరిపోయింది," అన్నాడు మాస్టారు.

నాలుగు వందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచింది. అసెంబ్లీలో మొదటి మూడేళ్ళు ఆమె గురించి చెప్పుకోదగ్గ ఉపన్యాసం ఏదీ లేదు. అద్దె చట్టాన్ని సవరించే కమిటీలో వేశారు. మిగతావాళ్ళు సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోతే, ఆమె ఒక్కతీ కూర్చుని కామాలు దిద్దేది. ఖాళీ చెయ్యమని ఇచ్చే నోటీసు మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో ఉండాలని అందులో ఒక నియమం చేర్పించింది.

నాలుగో ఏడు ప్రభుత్వం ఆసుపత్రుల బిల్లు తెచ్చింది. ఎనభై ఆరు పేజీలు. పొద్దున సభ్యుల బల్లల మీద పెట్టారు, మధ్యాహ్న భోజనం లోపు ఓటింగు. సభ్యులు ఎటు చెయ్యెత్తాలో చూసుకునే పార్టీ విప్ వరసల మధ్య తిరుగుతున్నాడు.

"ఒక్క నిమిషం. దీన్ని చదవనివ్వండి," అంది ఆమె.

"అమ్మా, ప్రభుత్వం మనది, బిల్లు మనది. మనది మనమే చదువుకోవడమేంటమ్మా?" అన్నాడు విప్.

చుట్టూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ వారమే మంత్రివర్గంలో మార్పులుంటాయనీ, కొత్తవాళ్ళ జాబితాలో ఆమె పేరుందనీ అప్పటికే గుసగుసలు. చెయ్యి ఎత్తేటప్పుడు ఆ గుసగుస తన చెవిలో ఉందన్న సంగతి ఆమె తరవాత ఎన్నడూ ఎవరి దగ్గరా దాచలేదు. చెయ్యి ఎత్తింది. మంత్రి పదవి రాలేదు, అది వేరే సంగతి.

చిన్న ఆసుపత్రుల్లోని కాన్పుల వార్డులు మూసి, పెద్దాసుపత్రిలో కలిపెయ్యాలన్నది బిల్లు. ఏవేవి మూస్తారో చివరి పేజీల్లో చిన్న అక్షరాల జాబితా. ఇరవై మూడోది మిల్లు క్వార్టర్ల పక్కన ఉన్నది. నాలుగు నెలలకు దానికి తాళం పడింది. వానాకాలంలో దారాలత్త మనవరాలికి నొప్పులొచ్చాయి. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళుతుంటే రైలు గేటు వేసి ఉంది. గేటు దగ్గరే, ఆటోలోనే, కాన్పయింది.

పది రోజుల తరవాత దారాలత్త ఎమ్మెల్యే ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"తల్లీ పిల్లా బాగున్నారా అత్తా?"

"బతికున్నారు. ఒక్కటి అడిగి పోదామని వచ్చాను లాయరమ్మా. ఆ కాగితం చదివే చెయ్యెత్తావా?"

గదిలో పార్టీవాళ్ళు ఇద్దరున్నారు. పీయే గొంతు సవరించుకుని, "ప్రభుత్వానికి నిధుల పరిస్థితి ఎలా ఉందంటే..." అని మొదలుపెట్టాడు. ఆమె అతన్ని ఆగమంది.

"చదవలేదత్తా."

"చదివానంటావనుకుని, తిట్టిపోద్దామని వచ్చాను. ఇప్పుడు ఏమని తిట్టను?" అని దారాలత్త వెళ్ళిపోయింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తరవాతి సమావేశంలో లేచి, ఆ బిల్లుకు తాను చదవకుండా ఓటు వేశాననీ, జాబితాలోని ఇరవై మూడో కాన్పుల వార్డును తిరిగి తెరవాలనీ చెప్పింది. ఆమె అసెంబ్లీలో చెప్పిన మాటల్లో పత్రికలు మొదటి పేజీలో వేసింది అదొక్కటే. సొంత పార్టీవాళ్ళు మొహం తిప్పుకున్నారు. టికెట్టు ఇవ్వలేదు. స్వతంత్రంగా నిలబడితే మూడో స్థానం వచ్చింది. క్వార్టర్లలోనే సగం ఓట్లు పడలేదు. వార్డును తరవాత వచ్చిన ప్రభుత్వం తెరిచి, గోడకు తమ పేరుతో పలక వేయించుకుంది. దారాలత్త వీధిలో ఎదురైతే పలకరించేది గాని, మళ్ళీ ఆమె గడప తొక్కలేదు.

జిరాక్స్ దుకాణం పైగది అప్పటికే ఒక దర్జీకి అద్దెకు పోయింది. పాత కక్షిదారులు వేరే ప్లీడర్లను చూసుకున్నారు. ఎనిమిది నెలలు ఆమె ఇంట్లో మాస్టారి పరీక్ష పేపర్లలో అచ్చు తప్పులు వెతుకుతూ గడిపింది. అప్పుడొక పెట్టుబడుల సంస్థ నుంచి కబురొచ్చింది. ఉద్యోగుల పింఛను నిధుల్ని రోడ్లలో, గిడ్డంగుల్లో, కరెంటు కంపెనీల్లో పెట్టే సంస్థ అది. పన్నెండో అంతస్తులో ఎండీ, నలభై దాటని మనిషి, స్వయంగా కాఫీ పోశాడు.

"మీకు సెక్రటేరియట్లో అందరూ తెలుసు కదా మేడం?"

"తెలుసు. వాళ్ళకి ఫోన్లు చెయ్యమంటే చెయ్యను. కాగితాలు చదవమంటే చదువుతాను."

ఎండీ నవ్వాడు గాని, ఆ ఏడాది ఆ సంస్థ రెండు ఒప్పందాల్లో కోర్టు మెట్లెక్కి ఉంది. చదివే మనిషి కావలసే ఉంది. తీసుకున్నాడు. ఆరేళ్ళకు ఆమె సంతకం లేనిదే పెట్టుబడి కదలని స్థాయికి వచ్చింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒక గిడ్డంగుల కంపెనీని కొనే ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. వెనకే ఎండీ వచ్చాడు.

"అయిదింటికల్లా సంతకాలైపోవాలి మేడం. అవతల ఇంకో కంపెనీ కాచుక్కూర్చుంది."

"మూడు వందల పేజీలు. సోమవారం ఇస్తాను."

"సోమవారానికి గిడ్డంగులు మనకుండవు."

"ఉండకపోనివ్వండి."

అవతలి కంపెనీ శనివారమే కొనేసింది. సోమవారం ఆమె అనుబంధంలోని ఒక పేరా చూపించింది: అన్నిటికంటే పెద్ద గిడ్డంగి ఉన్న స్థలం లీజు నాలుగేళ్ళలో ముగిసిపోతుంది. అది పొడిగిస్తారన్న హామీ ఎక్కడా లేదు. ఎండీ చదివి, ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళు గడిచాయి. లీజును నిక్షేపంగా పొడిగించారు. గిడ్డంగుల కంపెనీ విలువ రెట్టింపయింది. ఎండీ పేపరు పట్టుకుని ఆమె గదికి వచ్చాడు.

"ఇప్పుడేమంటారు మేడం?"

"నా అంచనా తప్పింది. పొడిగించరేమో అనుకున్నాను, పొడిగించారు."

"అయితే చదవకపోయినా బాగుండేదన్నమాట!"

"చదివి తప్పితే ఎక్కడ తప్పానో చెప్పగలను ఎండీ గారూ. చదవకుండా చేసిందానికి నా దగ్గర జవాబుండదు. ఒకసారి ఒకళ్ళు నన్నడిగారు, లేకపోయింది."

ఆ నెలే, సంతకం కావలసిన ఏ ఫైలైనా మూడు రోజుల ముందే రావాలని సంస్థలో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆమె మీది గౌరవంతో కాదు, ప్రతి శుక్రవారం పాడవుతోందన్న విసుగుతో అని ఎండీయే అందరికీ చెప్పుకున్నాడు. ఏదైతేనేం, ఉత్తర్వు ఉత్తర్వే.

అరవై అయిదో ఏట ఆమె ఆ సంస్థ నుంచి విరమించింది. ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు లా కాలేజీలో పాఠం చెబుతోంది. పుస్తకం ఉండదు. తలా ఒక అద్దె ఒప్పందం ఇచ్చి, వంతులవారీగా పైకి చదివిస్తుంది. మొదటి నెలలో ముప్పై ఒక్క మంది ఉన్న క్లాసు రెండో నెలకు పద్దెనిమిది మందికి దిగింది. పద్దెనిమిది చాలు, గది కూడా చిన్నదేగా అని ఆమె ప్రిన్సిపాల్‌తో అంది.

మాస్టారు మాత్రం ఇంట్లో ఊరుకోలేదు.

"నా లెక్కల క్లాసులో ఎప్పుడూ అరవైకి తగ్గలేదు తెలుసా?"

"అంత బాగా చెప్పేవారా?"

"బడి గేటుకి తాళం వేసేవాళ్ళులే," అన్నాడు మాస్టారు.